సైన్సు ఆరో తరగతి దాకా ఆగాలా?

ఏటా ఆగస్టు మొదట్లో ఒక రోజు రావికమతంలో నిటారుగా పాతిన కర్రకి మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అలాంటి రోజులు ఏడాదికి రెండే. ఒకటి మే రెండో వారంలో, బడికి సెలవులున్నప్పుడు వస్తుంది. రెండోది ఆగస్టు ఒకటి, రెండు తేదీల ప్రాంతంలో, బడి నడుస్తున్నప్పుడే వస్తుంది. దేశమంతటికీ గడియారం దిద్దే 82.5 డిగ్రీల రేఖాంశం ఈ ఊరికి పడమటగా కొద్ది దూరంలోనే పోతుంది. అందువల్ల ఇక్కడ గడియారంలోని పన్నెండుకీ ఆకాశంలోని పన్నెండుకీ ఏడాది పొడుగునా పదీ పదిహేను నిమిషాలకు మించి పెద్దగా తేడా రాదు.

బడి తెరిచిన జూన్ నుంచి మూడో తరగతి పిల్లలు ఒక మీటరు కర్ర పాతి, వారానికోసారి మధ్యాహ్న భోజనానికి ముందు దాని నీడ కొలిస్తే ఏం కనిపిస్తుంది? జూన్ మూడో వారంలో నీడ పది సెంటీమీటర్లే ఉంటుంది, అదీ దక్షిణం వైపు పడుతుంది. ఆగస్టు మొదట్లో మాయమవుతుంది. తర్వాత ఉత్తరం వైపు మళ్లి, నెలనెలా పెరిగి, డిసెంబరు మూడో వారం చివరికి దాదాపు 87 సెంటీమీటర్లకు చేరుతుంది. ఆగస్టులో మబ్బు పట్టి ఆ ఒక్క రోజూ చెడినా నష్టం లేదు. ముందు వారం కొలతా తర్వాతి వారం కొలతా పక్కపక్కన పెడితే మధ్యలో ఏం జరిగిందో పిల్లలే చెబుతారు. దీనికి కావలసినవి ఒక కర్ర, ఒక టేపు, ఒక నోటు పుస్తకం.

పాఠ్యపుస్తకం ఈ తేదీ చెప్పలేదు. పుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే. కుప్పంలో నీడ మాయమయ్యేది ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో. రావికమతం తేదీలు వేరు, శ్రీకాకుళం తేదీలు వేరు. చిన్న తరగతులకు మంచి ప్రయోగాలు ఎక్కడ దొరుకుతాయని ఉపాధ్యాయులు తరచూ అడుగుతుంటారు. పుస్తకాల్లో బోలెడు ఉన్నాయి. ఫోనులో వీడియోలకూ కొదవలేదు. అయితే పిల్లల చేతికి అందే ప్రయోగానికి ఒక ఊరు, ఒక కాలం ఉంటాయి. వాటిని చూసి ఏరుకోవలసింది ఆ బడిలోని టీచరే. అందుకు ఆ టీచరుకి మన వ్యవస్థ ఏమిచ్చింది, ఏమివ్వలేదు అన్నదే అసలు సంగతి.

రావికమతం చోడవరం నియోజకవర్గంలోని మండలం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగినప్పుడు విశాఖపట్నం నుంచి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరింది. పడమటన కొండలు, కల్యాణపులోవ జలాశయం. మైదానంలో వరి, చెరకు. చోడవరం దగ్గర గోవాడ సహకార చక్కెర కర్మాగారం. ఇంకొంచెం దూరంలో బెల్లానికి పేరుమోసిన అనకాపల్లి మార్కెట్. ఇక్కడి ప్రాథమిక బడి రాష్ట్రంలోని మిగతా పల్లె బడుల్లాంటిదే. సెకండరీ గ్రేడ్ టీచర్లు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ వాళ్లే చెప్పాలి. పిల్లలు తక్కువున్నచోట రెండు మూడు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి.

ఇక ప్రభుత్వ సైన్సు పథకాల వరస చూద్దాం. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు బడికి రూ.20 లక్షల దాకా ఇస్తాయి. అవి 6 నుంచి 12 తరగతులకు. కొత్త ఆలోచనకు రూ.10 వేలు ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ కూడా ఆరో తరగతి నుంచే మొదలవుతుంది. 1993 నుంచి జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌లో చేరాలంటే పదేళ్లు నిండాలి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 29లో కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలని స్పష్టంగా రాశారు. అదే చట్టం అనుబంధంలో బడి భవనానికి తరగతి గది, మరుగుదొడ్డి, వంటగది, ఆటస్థలం, ప్రహరీ కావాలన్నారు. ప్రయోగాలకు చోటు మాత్రం ఆ జాబితాలో లేదు. ఆరేళ్ల పిల్ల చీమల బారు వెనకాల మోకాళ్ల మీద పాకుతుంది. చందమామ తమ వెంటే ఎందుకొస్తున్నాడని అడుగుతుంది. అడగడం అంత జోరుగా సాగే వయసులో పైసా లేదు. అడగడం తగ్గాక లక్షలు వస్తున్నాయి.

ఈ లోటు ఎవరూ గుర్తించలేదనడం సరికాదు. గుర్తించిన మొదటి రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 11 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 1989 నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ విస్తరించి 1996 దాకా నడిచింది. దాని పునాది ఆరు సూత్రాలు. చేసి, కనుక్కుని, ప్రయోగించి నేర్చుకోవడం వాటిలో ఒకటి. స్థానిక పరిసరాలను పాఠానికి వాడుకోవడం మరొకటి. పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించడం ఇంకొకటి. టీచర్లు కలిసి మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. ఆలోచనగా చూస్తే నలభై ఏళ్ల తర్వాత కూడా దానికి కలపవలసింది పెద్దగా లేదు.

మిగిలిందేమిటి? ఆరింటిలో గోడకి వేలాడదీయగలిగినది తేలిగ్గా నిలిచింది. చార్టులు, రంగు కాగితాలు, తాళ్లకు కట్టిన బొమ్మలు ఇప్పటికీ ప్రతి బడిలో ఉన్నాయి. ప్రయోగించి నేర్చుకోవడం మాత్రం డీఎస్సీ, టెట్ గైడ్లలోకి చేరింది. ఉద్యోగార్థులు ఆ ఆరు సూత్రాలనూ వరసగా అప్పజెబుతారు. ఎందుకంటే వాటి మీద బిట్లు వస్తాయి. చేసి నేర్చుకోవాలన్న సూత్రాన్ని బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకునే పరిస్థితి మనకు మనమే తెచ్చిపెట్టుకున్నాం.

1986 జాతీయ విద్యా విధానం వెంట వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కథా ఇంతే. ప్రాథమిక బడులకు ఒక సైన్సు కిట్టు, ఒక లెక్కల కిట్టు, చిన్న పనిముట్ల పెట్టె ఇచ్చారు. వస్తువులు మంచివే. కానీ అవి స్టాకు రిజిస్టరులోకి ఎక్కాయి. గాజు గొట్టం పగిలితే ఎవరు జవాబు చెప్పుకోవాలి? చాలాచోట్ల ఆ పెట్టె బీరువా దాటలేదు. కిట్టు ఇచ్చిన ప్రభుత్వం, పగిలినదాన్ని తిరిగి కొనడానికి దారి ఇవ్వలేదు. పగలగొట్టే హక్కు అసలే ఇవ్వలేదు.

ఈ రెండు లోపాలనూ ముందే ఎదుర్కొన్న ప్రయత్నం మధ్యప్రదేశ్‌లో ఉంది. 1972లో హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 16 మాధ్యమిక బడుల్లో ప్రయోగాల ద్వారా సైన్సు చెప్పడం మొదలుపెట్టాయి. 1978లో అది జిల్లా మొత్తానికి పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్లింది. ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకాల్లో ప్రశ్నలుండేవి, చేసే పద్ధతి ఉండేది. జవాబు మాత్రం పిల్లలే రాసుకోవాలి. పరీక్షకి పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగం చేసి చూపించడానికీ మార్కులుండేవి. టీచర్లకు ప్రతి నెలా సమావేశం ఉండేది. పిల్లలు తమ సందేహాలను ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్రకి ఉత్తరాలుగా రాస్తే జవాబులొచ్చేవి. సుమారు వెయ్యి బడులకు చేరిన ఈ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్లు నడవగలగడానికి కారణం చూస్తే కిట్టు ఒక్కటే కాదని తెలుస్తుంది. పాఠం, పరీక్ష, టీచర్ల సమావేశం, సామాను సరఫరా నాలుగూ ఒకే దిక్కుకి లాగాయి.

అక్కడి నుంచే అరవింద్ గుప్తా వచ్చాడు. ఐఐటీ కాన్పూరులో చదివి టెల్కోలో ఉద్యోగం చేస్తున్న ఆ ఇంజనీరు 1978లో సెలవు పెట్టి హోషంగాబాద్ వెళ్లాడు. అక్కడి సంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలను అగ్గిపుల్లలకు తొడిగి త్రిభుజాలు, ఘనాలు కట్టించాడు. త్రిభుజం ఎటు నొక్కినా కదలదు. చతురస్రం ఒరిగిపోతుంది. ఇంటి దూలాలకూ వంతెనలకూ త్రిభుజాలెందుకో రెండో తరగతి పిల్లకి కూడా వేళ్లతో తెలిసిపోతుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు, బొమ్మల తయారీ పద్ధతులు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. ఐఐటీ మద్రాసు ఆచార్యుడు శ్రీనివాస చక్రవర్తి లాంటివారి కృషి వల్ల తెలుగులోనూ ఇలాంటి పుస్తకాలు చాలానే వచ్చాయి. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ పత్రికను పిల్లల కోసం నడుపుతోంది. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకే బాలల పుస్తకాలు వేస్తోంది. పుస్తకాలకు కరువు లేదు.

మన రాష్ట్రంలోనే కుప్పం దగ్గర ఇంకో దారి తొక్కారు. 1999లో రామ్‌జీ రాఘవన్ స్థాపించిన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ సైన్సు సామాను నింపిన వ్యాన్లను పల్లె బడులకు పంపుతుంది. తర్వాత మోటారు సైకిల్ మీద మోసుకెళ్లే ప్రయోగశాలలూ వచ్చాయి. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, అక్కడ పిల్లల చేతే తోటి పిల్లలకు ప్రయోగాలు చెప్పిస్తారు. వ్యాను వచ్చిన రోజు బడికి పండగే. వ్యాను వెళ్లిన మర్నాడు ఏం జరుగుతుందన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. బయటి నుంచి వచ్చేది ఎంత మంచిదైనా, ఆ బడి నెలంతా సొంతంగా చేసుకునేదానికి తోడుగానే నిలబడుతుంది.

మరి చిన్న తరగతికి ఎలాంటి ప్రయోగం పనికొస్తుంది? సైన్సు ఫెయిర్లలో తరచూ కనిపించే అగ్నిపర్వతం నమూనాను తీసుకోండి. వంట సోడాలో వెనిగర్ పోస్తే నురగ పొంగుతుంది. చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. అక్కడ పిల్ల తేల్చుకోవలసిన ప్రశ్న ఏదీ లేదు. ఏం జరుగుతుందో ముందే తెలుసు. అసలు అగ్నిపర్వతంలో జరిగేది కూడా అది కాదు. థర్మోకోల్ బొమ్మల సంగతి సరేసరి, సగం ఇళ్లలో అవి తల్లిదండ్రుల చేతిపనే.

దీని పక్కన పసుపు, సున్నం పెట్టి చూడండి. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఈ రెండిటి కలయికేనని ఇంట్లో ప్రతివాళ్లకీ తెలుసు. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలను నాలుగో తరగతి పిల్లలకు పంచి, ఇంటి నుంచి తెచ్చిన పది వస్తువుల్లో ఏది కాగితాన్ని ఎర్రగా మారుస్తుందో ముందు ఊహించి రాయమనాలి. సబ్బు నీళ్లు, బూడిద నీళ్లు, చింతపండు పులుసు, పెరుగు, ఉప్పు నీళ్లు, వంట సోడా. ఊహ తప్పినచోట తరగతిలో గోల మొదలవుతుంది. ఉప్పు, సోడా రెండూ తెల్లటి పొడులే కదా, ఒకటే ఎందుకు రంగు మార్చింది? ఎర్రబడ్డ కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగెందుకొచ్చింది? ఆమ్లం, క్షారం అనే పేర్లు ఏడో తరగతిలో వచ్చినా ఫరవాలేదు. వస్తువులను వాటి చేష్టను బట్టి రెండు గుంపులు చేయవచ్చన్న ఎరుక ఇప్పుడే వచ్చేసింది. సున్నం తేటను మాత్రం టీచరే వేయాలి. కళ్లలో పడితే ప్రమాదం.

మధ్యాహ్న భోజనానికి వచ్చే కోడిగుడ్డు మరో మంచి సామగ్రి. ఉడికించేముందు పచ్చి గుడ్లను నీళ్ల గిన్నెలో వదిలితే తాజాది అడుగున పడుకుంటుంది, పాతబడ్డది నిలబడుతుంది, బాగా పాడైపోయింది తేలుతుంది. రోజులు గడిచేకొద్దీ గుల్లలోంచి నీటి ఆవిరి బయటికి పోయి, లోపల గాలి గది పెద్దదవడమే కారణం. తేలడం, మునగడం పాఠం పూర్తవుతుంది. బడికి సరఫరా అయిన గుడ్లు ఎంత తాజావో పిల్లల లెక్కల్లో తేలుతుంది. ఇంతకన్నా సామాజిక ప్రయోజనమున్న ప్రయోగం ప్రాథమిక తరగతిలో అరుదు.

చెరకు నరికే రోజుల్లో ఈ ప్రాంతం పిల్లలకు బెల్లం వంట దగ్గరే జరుగుతుంది. పెనంలో రసం మరుగుతుండగా కొంచెం సున్నం వేస్తే మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తీసేస్తారు. నీరు ఆవిరై పాకం చిక్కబడుతుంది. పాకం ముదిరిందో లేదో వండేవాళ్లు చిన్న ఉండ చేసి చూస్తారు. మరిగే పెనం దగ్గరికి పిల్లల్ని పంపనక్కరలేదు. దూరం నుంచి చూసి, వండే రైతుని ప్రశ్నలడిగి వస్తే చాలు. తరగతిలో చేసేది వేరు. ఒకే బరువు బెల్లాన్ని ఒక గ్లాసులో ముద్దగా, ఒక గ్లాసులో ముక్కలుగా, ఒక గ్లాసులో పొడిగా వేసి సమానంగా నీళ్లు పోస్తే ముందు ఏది కరుగుతుంది? గోరువెచ్చని నీళ్లయితే? ఇంకెంత వేసినా ఇక కరగని స్థితి ఎప్పుడొస్తుంది? ఆ నీళ్లను గుడ్డలో వడకడితే మిగిలిన పిప్పి నలుసులు, మట్టి ఎక్కడివి? అనకాపల్లిలో 1913 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం చెరకు మీద పనిచేస్తోంది. అక్కడి శాస్త్రవేత్త ఒకరు ఏడాదికొక పూట మండలంలోని బడికి వచ్చి పిల్లల ప్రశ్నలు వింటే అది పెద్ద ఉపన్యాసం కన్నా మేలు.

వానాకాలంలో చెరువు నీరు ఎర్రబారినప్పుడు నాలుగు సీసాలు చాలు. ఒకదాన్ని కదపకుండా వదిలేయాలి, ఒకదానిలో పటిక తిప్పాలి, ఒకదానిలో పెద్దలు కుండ లోపల అరగదీసే చిల్లగింజ గంధం వేయాలి, ఒకటి ఇసుక, బొగ్గు పొరల్లోంచి వడకట్టాలి. ఏది ముందు తేటపడిందో గంటగంటకీ రాయాలి. ఈ పాఠానికి చివర ఒక హెచ్చరిక తప్పదు. తేటగా కనిపించే నీరంతా తాగడానికి పనికొచ్చేది కాదు, సూక్ష్మజీవులు కంటికి కనిపించవు. ఆ ఒక్క మాట అతిసార రోజుల్లో ఊరికి కూడా అవసరం.

విత్తనాల సంగతి అందరూ చేయిస్తారు, కాకపోతే సగమే చేయిస్తారు. తడిగుడ్డలో పెసలు కడితే మొలకలొస్తాయని పిల్లలకు ముందే తెలుసు. పొడిగా ఉంచినవి, తడిపి వెలుతురులో ఉంచినవి, తడిపి చీకట్లో ఉంచినవి, నీళ్లలో పూర్తిగా మునిగినవి పక్కపక్కన పెడితేనే ప్రశ్న పుడుతుంది. చీకట్లోనివి కూడా మొలవడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఒక్కసారికి ఒక్క అంశమే మార్చాలన్న నియమం ఏ నిర్వచనమూ లేకుండా బోధపడుతుంది.

అడ్డంకులు లేవని కాదు. ఒక గదిలో మూడు తరగతులుంటే ప్రయోగం చేయించేదెలా అని టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2022లో 117 నంబరు జీవో కింద 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు కొన్నిచోట్ల ఆ పిల్లలకు సైన్సు మాస్టారు, ల్యాబు దగ్గరయ్యాయి. దూరం, చిన్నపిల్లల భద్రత లాంటి సమస్యలతో వచ్చిన విమర్శల తర్వాత 2025లో ఆ విధానం రద్దయింది. పిల్లలు ఊరి బడికి దగ్గరగా ఉండడం మంచిదే, దాంతోపాటు ఒకే టీచరు అనేక తరగతులు మోసే స్థితి కూడా చాలాచోట్ల ఉంది. మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీ గ్రామీణ బడుల్లో దీనికే జవాబు వెతికారు. పాఠాన్ని కార్డులుగా విడదీసి, వేర్వేరు స్థాయిల పిల్లలు జట్లుగా తమ పని తాము చేసుకునే పద్ధతి తయారుచేశారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు సాయపడతారు. పసుపు కాగితం ప్రయోగంలో అయిదో తరగతి పిల్ల పట్టిక గీస్తుంది, మూడో తరగతి పిల్ల చుక్క వేస్తుంది, ఒకటో తరగతి పిల్ల రంగు చెబుతుంది. ఉపన్యాసానికి ఇబ్బందిగా ఉండే గది ప్రయోగానికి అనుకూలమే.

నాడు-నేడు కింద ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. అగ్నిపర్వతాన్ని, తిమింగలాన్ని చూపించడానికి అవి బాగుంటాయి. గుడ్డు తేలడాన్ని టీవీలో చూపించడం మాత్రం వృథా, గిన్నె పక్క గదిలోనే ఉంది.

డబ్బు పెద్ద సమస్య కాదు. సమగ్ర శిక్షా కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏటా రూ.10 వేలు, 100 లోపు ఉంటే రూ.25 వేలు పాఠశాల గ్రాంటు ఉంది. అది సుద్దముక్కలకు, కరెంటు బిల్లుకు, మరమ్మతులకు పోతుంది. దానిలోంచి రూ.1,000 ప్రయోగ సామగ్రికి విడిగా పెట్టి, వాడి పారేసే వస్తువులుగానే లెక్క రాయమని ఉత్తర్వు ఇస్తే చాలు, బీరువా తాళం తెరుచుకుంటుంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక గంట ప్రయోగాలకే కేటాయించి, ప్రతి టీచరూ తన బడిలో చేయించినది అక్కడ చేసి చూపిస్తే ఏడాదిలో మండలానికి సొంత సంపుటి తయారవుతుంది. రావికమతం మండలానికి పది నెలలకు పది ప్రయోగాలు ఎంచుకుంటే జూన్‌లో నీడ, జూలైలో విత్తనం, ఆగస్టులో చెరువు నీరు, జనవరిలో బెల్లం దానికి ఆరంభం కావచ్చు. భీమునిపట్నం డైట్‌లోని ఛాత్రోపాధ్యాయులు బోధనాభ్యాసంలో భాగంగా ఈ సంపుటిని పరీక్షించి, ఏది పిల్లల చేతిలో నిలుస్తుందో, ఏది నిలవదో రాయవచ్చు.

తనిఖీకి వచ్చే అధికారులు ఇప్పుడు మరుగుదొడ్లు, హాజరు యాప్, భోజనం రిజిస్టరు చూస్తున్నారు. వాటితోపాటు మూడు నుంచి అయిదు తరగతుల పిల్లల పరిశీలన నోటు పుస్తకం కూడా చూడాలి. ముందు ఏమనుకున్నారు, ఏం చేశారు, ఏం జరిగింది అన్న మూడు గడుల పుస్తకం అది. మొదటి గడిలో తప్పు ఊహలుంటే వాటిని కొట్టివేయకూడదని, తప్పు ఊహకు మార్కు కోయకూడదని టీచర్లకు స్పష్టంగా చెప్పాలి. అనకాపల్లి జిల్లా విద్యాశాఖ వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఈ ఒక్క మార్పు రావికమతం మండలంలో మొదలుపెట్టాలి. దీనికి కొత్త పథకమూ, కొత్త బడ్జెటూ అవసరం లేదు. ఒక సర్క్యులర్ చాలు.